చిన్నదాన్ని అక్కల గంటకి పంపమని

గరివిడి,
ఆదివారం మధ్యాహ్నం.

అమ్మకి, నీ పెద్దకూతురు గౌరి దండాలు పెట్టి రాసేది. నా ఒళ్ళు బాగుంది, వేళకి తింటున్నాను, దిగులుపడకు. నువ్వు, నాన్న, చిన్నది పద్మ, మామ్మ అందరూ బాగున్నారనుకుంటాను. మామ్మ మోకాలికి నేను పంపిన నూనె పూస్తున్నారా, లేక సీసా గూట్లోనే ఉందా?

పద్మా, ఇది అమ్మకి చదివి వినిపించేది నువ్వేనని తెలుసు. నీ గురించి రాసిన చోట గొంతు తగ్గించకు. ఒక్క ముక్క మింగకు.

ఇదంతా ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు, అమ్మా. మొన్న చెప్పబోయాను. "శనివారం బడి వదిలేక అదేటో మీటింగంట. దాన్ని ఉంచను, నువ్వు నోరు ముయ్యి" అన్నావు. నేను అరిచాను, నువ్వు పెట్టేశావు. పాసింజరెక్కి వచ్చేద్దామంటే, వచ్చి గుమ్మంలోనే మళ్ళీ అరుస్తాను. కాగితం మీద అరవడం నాకు చేతకాదు. అందుకని రాస్తున్నాను.

ముందు ఇక్కడి సంగతి. పని అదే. కొలిమి నుంచి వచ్చి చల్లారిన లోహపు ముక్కల్ని సుత్తితో పగలగొట్టి, సైజుల ప్రకారం ఏరి సంచుల్లో వెయ్యడం. స్నానం చేసినా గోళ్ళలో నలుపు పోదు. వానలు పడుతున్నాయి గానీ షెడ్డులో ఎండాకాలమే. క్యాంటీను సాంబారులో నీళ్ళెక్కువ. నీ చోడంబలి గుర్తొస్తుంది. గదిలో నరసమ్మక్క తోడుంది. నాకన్నా పదేళ్ళు పెద్దది, గురక పెడుతుంది, మంచిది. ఆవిడ ఊరెళ్ళిన రోజు మాత్రం గది పెద్దదైపోయినట్టుంటుంది. ఏడవడం లేదులే.

ఇక్కడి హైస్కూల్లో శనివారం సాయంత్రం ఆడపిల్లలకి ఒక గంట పెడతారు. పనులు చేసుకునే అమ్మాయిలం కొందరం వెళ్ళి కూర్చుంటాం, ఒక్కొక్కరికీ ఇద్దరు పిల్లలు. అక్కల గంట అంటారు. పద్మ బడిలో నువ్వు వద్దన్న ఆ మీటింగూ ఇదే. మొదటివారం పట్నం నుంచి ఒక మేడమొచ్చి, కలలు కనండమ్మా అని చెప్పి కారెక్కి వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండింది. మీరేం చెప్తారని లెక్కల టీచరుగారు అడిగితే నాకు తెలిసినవే చెప్తానన్నాను. బస్సులో మీద చెయ్యేస్తే ఏం చెయ్యాలో, నెలసరి గుడ్డ ఎందుకు ఎండలో ఆరెయ్యాలో, ఎనిమిదితో బడి మానేసినదాన్ని పని చేసుకుంటూ పదో తరగతి ఎలా కట్టానో. పిల్లలు ప్రశ్నలడుగుతారు. "అక్కా, ఒక్కర్తివీ ఉండడానికి నీకు బయమెయ్యదేటి?" "ఏస్తాది. ఏసినా పనికెల్తాను." అలాంటి మాటలే.

నా పిల్లల్లో ఒకర్తి హారిక. తొమ్మిదో తరగతి, మన పద్మలాగే. తల్లీ తండ్రీ చెన్నైలో పనికున్నారు, నాయనమ్మ దగ్గర పెరుగుతోంది. ఉన్నట్టుండి రావడం మానేసింది. పెద్దమనిషయిందిట, ఇక బడికే పంపరట. అది విని షిఫ్టు దిగి, ఆ నల్లబట్టలతోనే వాళ్ళింటికి పోయి గుమ్మంలో అరిచాను. ఆ ముసలమ్మ తలుపు దగ్గరికొచ్చి, "ఎవులివే నువ్వు? మా పిల్లని నువ్వు కన్నావేటి? పోయే ఎల్లు" అని తలుపేసింది. లోపల హారిక మూలన కూర్చుని అంతా విందట.

నరసమ్మక్కకి చెప్తే నవ్వింది. "ఓలమ్మ, పెద్దమనిషయిన పిల్లింటికి వట్టిసేతుల్తో ఎల్లినావేటి? సిమ్మిలి లేకుండా ఎల్లి సదువు గురించి సెప్పినావా? నానైతే సీపురు తీద్దును."

పక్కింటివాళ్ళ రోలు అడిగి, నువ్వులు వేయించి బెల్లం వేసి దంచాం. ఆదివారం తలంటుకుని, నరసమ్మక్కని వెంటబెట్టుకుని, ఆకులో చిమ్మిలి ఉండలు పట్టుకెళ్ళాను. ముసలమ్మ నన్ను ఎగాదిగా చూసింది. ఉండ కొరికింది.

"నువ్వులు బాగా ఏగినాయి. బెల్లం సాల్లేదు. కూకో."

కూర్చున్నాను. అరవలేదు. నిజంగానే అరవలేదు, నరసమ్మక్కనడుగు.

"సదువొద్దని నానెప్పుడన్నాను?" అందావిడ. "రైలుగేటు కాడ కుర్రోళ్ళు కూకుంతారు. సీకటడితే దీన్ని ఎవులు తెస్తారు? దైర్నం సెప్పినోళ్ళు తెస్తారేటి?"

ఆవిడన్నది నిజమేనమ్మా. పిల్లలకి ధైర్యం చెప్పి మేం ఎవరి దారిన వాళ్ళం పోతున్నాం. నరసమ్మక్కే అంది, "మా షిఫ్టు ఆడోళ్ళం ఆ గేటు మీంచే కదేటి వస్తాం. బడి కాడ ఒక్క నిమిసం ఆగితే కాళ్ళరిగిపోతాయా?"

ఇప్పుడు ఆ షిఫ్టు వదిలే వేళకే అక్కల గంట ముగిసేలా టీచరుగారు మార్చారు. ఆడవాళ్ళందరూ బడి దగ్గర ఆగుతారు, పిల్లలు మధ్యలో నడుస్తారు. సుత్తిపని చేసే ఆడవాళ్ళు గుంపుగా వస్తుంటే గేటు దగ్గరి కుర్రాళ్ళు ఫోన్లు చూసుకుంటారు. హారిక బడికొస్తోంది. మొదటి శనివారం ముసలమ్మ కూడా వచ్చి, ఏటి సెప్తారో సూస్తానని వెనక బెంచీలో కూర్చుంది. నెలసరి గురించి మాట్లాడుతుంటే లేచి అందిగదా, "నాకెవులూ సెప్పలేదు. దెబ్బ తగిలినాదనుకొని రెండ్రోజులు పసుపు రాసుకున్నాను." పిల్లలు నవ్వారు, ఆవిడా నవ్వింది. తర్వాత కళ్ళు తుడుచుకుంది.

నీకెవరు చెప్పారమ్మా? నాకు నువ్వు చెప్పలేదు. పద్మకి ఎవరైనా చెప్పారేమో అడుగు. ఎదురుగానే ఉంది, ఇప్పుడే అడుగు.

ఇవాళ శనివారం ఆపితే రేపు సోమవారం ఆపుతారు. నన్ను అలాగే ఆపారు. ముందు ట్యూషను, తర్వాత బడి. నీ మీద నాకు కోపం లేదని రాయను, ఉంది. కానీ నీ భయం కూడా ఆ ముసలమ్మ భయమేనని ఇప్పుడు తెలుసు. ఆమదాలవలసలో బడి దగ్గర్నుంచి మన ఊరి దాకా ఆ తోపు పక్క దారి నేనూ నడిచినదాన్నే.

అందుకని ఒక్కటే అడుగుతాను. శనివారం ధాన్యం మిల్లు పని వదిలాక నువ్వూ మన ఊరి ఆడవాళ్ళూ అందరూ కలిసే వస్తారు, బడి ముందు నుంచే వస్తారు. ఈ శనివారం బడి గేటు దగ్గర ఆగు. మీటింగు అవలేదంటే లోపలికెళ్ళి వెనక బెంచీలో కూర్చో, నచ్చకపోతే అక్కడే తిట్టు. అయ్యాక చిన్నదాన్ని మీ మధ్యలో నడిపించుకుని తీసుకురా. పోలమ్మ పిన్నికి కూడా చెప్పు, ఆవిడ ముందు నడిస్తే చాలు, కుక్కలు కూడా పక్కకి పోతాయి.

ఎవరైనా ఇటొస్తే ఊరి నువ్వులు పంపు, ఇక్కడివాటిలో ఇసక. ఇంకో పిల్ల ఇంటికి వెళ్ళాలి. బెల్లం నేనే కొంటాను, ఈసారి ఎక్కువే వేస్తాను.

నాన్నకి, మామ్మకి దండాలు. పిన్నిని అడిగానని చెప్పు. నన్ను దీవించు, తిట్టి అయినా దీవించు.

పద్మా, ఇక్కడ ఆపి అమ్మ ముఖం చూడు. సరేనంటే ఫోను చెయ్యండి. కాదన్నా చెయ్యండి, అరవను. అరిస్తే పెట్టేయండి. నా దగ్గర కాగితాలు చాలా ఉన్నాయి.

నీ పెద్దకూతురు,
గౌరి