ఏసుదాసు గారి లెంపలు

కొత్తపేట,
జూన్ 3.

చిరంజీవి ప్రవీణ్ కుమార్‌కి బావ ఏసుదాసు దీవెనలు.

ప్రభువు దయవల్ల నేను బాగానే ఉన్నాను. మీ అక్క ఎలీసమ్మ మాత్రం పదకొండు రోజులుగా నాతో మాట్లాడడం లేదు. ఫోన్ చేస్తే పక్కగదిలోంచి వింటుందని ఉత్తరం రాస్తున్నాను.

కుడి దవడ నొప్పంటే అమలాపురం తీసుకెళ్ళి రెండు పళ్ళు తీయించాను. పళ్ళే పోయాక నొప్పెక్కడిది? కాబట్టి ఇది కోపమే. "కాఫీ కలపనా?" అంటే "ఆయ్" అని కూడా అనడం లేదు. మన వైపు పగవాడికైనా ఆయ్ అంటారు కదా! ఫ్యాను వేస్తే చాలు, నా మొహం చూడలేక కొంగు కప్పుకుంటోంది. నా తప్పేమిటని అడిగితే కుడి చెంప చూపించింది. లెంపలు వేసుకోమని కాబోలనుకుని వేసుకున్నాను. ఉత్తినే వేసుకుంటే బాగుండదని ఒక తప్పు కూడా ఒప్పుకున్నాను: ఆవకాయ జాడీ పగలగొట్టింది పిల్లి కాదు.

మీ బావ,
ఏసుదాసు

తా.క.: ముందు నవ్వింది. వెంటనే ఏడ్చింది. అసలు తప్పు ఇంకా పెద్దదేదో ఉంది.

విశాఖపట్నం,
జూన్ 9.

బావగారికి నమస్కారాలు.

అది కోపం కాదండీ, మొహం నరం నొప్పి. మా న్యూరో వార్డులో రోజూ చూస్తుంటాను. మెదడు దగ్గర రక్తనాళం నరాన్ని ఒత్తితే మాట్లాడినా, నవ్వినా, గాలి తగిలినా కరెంటు షాకు కొట్టినట్టుంటుంది. పళ్ళు తీసినా పోదు. అక్క చెంప చూపించింది నొప్పెక్కడో చెప్పడానికి.

వెంటనే తీసుకురండి. మాత్రలకి లొంగకపోతే ఆపరేషన్లున్నాయి. చెవి వెనక చిన్న కన్నం చేసి నాళానికీ నరానికీ మధ్య బుల్లి మెత్త పెడతారు. లేదా చెంపలోంచి సూది పోనిచ్చి వేడితోనో, చిన్న బెలూన్‌తోనో నరాన్ని మొద్దుబారుస్తారు. కోత లేకుండా రేడియేషన్ కూడా ఇస్తారు గానీ అది పనిచేయడానికి వారాలు పడుతుంది.

మీ బావమరిది,
ప్రవీణ్

తా.క.: దయచేసి ఇంకేమీ ఒప్పుకోకండి.

కొత్తపేట,
జూన్ 13.

ప్రవీణ్‌కి,

నీ ఉత్తరం ఆలస్యమైందయ్యా. ఈలోగా పన్నెండు ఒప్పుకున్నాను. క్రిస్మస్‌కి సోలో పాట ఆమెకివ్వొద్దని పాస్టరు గారికి చెప్పింది నేనేనని నిన్న చర్చి మెట్ల మీదే లెంపలేసుకున్నాను.

అంత బాధ పడుతుంటే అలకనుకున్నాను. నాకు సిగ్గుగా ఉంది. ఆమె గొంతు వినబడక ఇల్లు బావురుమంటోంది. ఏ ఆపరేషనైనా సరే, మాట తిరిగొస్తే చాలు. రేపే బయల్దేరుతున్నాం.

బావ

తా.క.: మెత్త అన్నావు కాబట్టి మంచి బూరుగుదూది దిండు తెస్తున్నాను. బెలూనే అయితే పెద్ద డాక్టరు గారినే ఊదమను.

కొత్తపేట,
ఆగస్టు 2.

తమ్ముడికి అక్క ఎలీసమ్మ ముద్దులు.

చెవి వెనక కుట్లు మానిపోయాయి. నొప్పి మాయమైంది. స్కాన్ చూసి మెత్త పెట్టే ఆపరేషనే మంచిదన్న మీ డాక్టరు గారు చల్లగా ఉండాలి. దిండు పుచ్చుకుని థియేటర్ తలుపు దాకా వచ్చిన మీ బావని కసురుకోనందుకు ఇంకా చల్లగా ఉండాలి.

ఇప్పుడు అసలు సంగతి. నొప్పి మొహానికే గానీ చెవులకి కాదు కదా! ఆయన ఒప్పుకున్నవాటిలో ఒక్కటీ నాకు ముందు తెలీదు. అప్పుడు నాకు కోపమే లేదురా. ఇప్పుడుంది. సోమవారం నుంచి నిజంగానే మాట్లాడడం మానేశాను.

పాపం, నొప్పి తిరగబెట్టిందనుకుని బెలూన్ ఆపరేషన్‌కి బట్టలు సర్దుతున్నారు.

నీ అక్క,
ఎలీసమ్మ

తా.క.: నువ్వేమీ చెప్పకు. విశాఖపట్నం వచ్చేలోగా ఇంకో రెండైనా ఒప్పుకుంటారు.