అల్లుడు ఇటు, అత్తగారు అటు

జగ్గయ్యపేట,
24 మే 2020, ఆదివారం.

చెల్లెలు జయమణికి,

ఎదురింటి అక్క భారతీదేవి దీవించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ నువ్వూ, కాబోయే వియ్యంకులూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

ఫోను ఉండగా ఉత్తరమేమిటా అనుకుంటావు. నీ ఫోను మోగితే మీ వియ్యపురాలు స్పీకరు పెట్టమంటుంది. నా ఫోను మోగితే మీ బావగారు వచ్చి పక్కన కుర్చీ వేసుకుంటారు. ఇక మనం మాట్లాడుకునేదేముంది? మన లారీ సొలొమోను సిమెంటు లోడుతో సూర్యాపేట మీదుగా హైదరాబాదు పోతున్నాడట. అతని చేతికిస్తున్నాను.

మార్చిలో మన క్రిస్టీకి ప్రధానం జరిగిన శనివారం తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది. పెళ్లికొడుకు ఇల్లు చూసి ఆదివారానికల్లా వచ్చేస్తానని నువ్వు వాళ్ల జీపెక్కి సూర్యాపేట వెళ్లావు. తెల్లారి తన బండి మీద వస్తానని పెళ్లికొడుకు స్టీవెన్ ఆగిపోయాడు. మీ ఇంటినిండా చుట్టాలని మా మేడ మీది గదిలో పడుకున్నాడు. ఆదివారం కర్ఫ్యూ, సోమవారం అతనికి జ్వరం. ఆ తర్వాత గరికపాడు చెక్‌పోస్టు దగ్గర దారి మూశారు. అల్లుడు ఇటు, అత్తగారు అటు! ఒకరి ఊళ్లో ఒకరు ఇలా చిక్కుకుపోయిన వియ్యాలవారిని నేను ఎక్కడా చూడలేదు.

ఆ జ్వరం రోజులు మాత్రం నవ్వులాట కాదు. ఆ గదిలో సగానికి మీ బావగారి మిరపకాయల బస్తాలే కదా. ఆ ఘాటుకి స్టీవెన్ దగ్గే దగ్గు. వీధి వీధంతా కిటికీలు మూసుకుంది. పక్కింటి వరప్రసాదరావుగారు గేటు దగ్గరికొచ్చి, "కుర్రాణ్ణి ఎక్కడికైనా పంపెయ్యండి బసవయ్యగారూ, పిల్లలు గలవాళ్లం" అన్నారు. మీ బావగారికి ఎక్కడలేని కోపం వచ్చి, "దగ్గించేది కరోనా కాదయ్యా, నా మిరపకాయలు! నమ్మకపోతే వచ్చి ఓ గంట కూర్చో" అన్నారు. అలా అన్నారేగాని ఆయనా మెట్లెక్కలేదు. నేనూ అన్నం కంచం మూడో మెట్టు మీద పెట్టి దిగొచ్చేదాన్ని.

మెట్లెక్కింది నీ కూతురే. నర్సు చదువు ఊరికే పోతుందా? మూతికి గుడ్డ కట్టుకుని, జ్వరం చూసి, మాత్రలు మింగించి, బస్తాలన్నీ మా పాలేరు చేత వరండాలోకి లాగించింది. బస్తాలు పోయాక దగ్గు పోయింది. ఆ వెనకే జ్వరమూ పోయింది.

అతను లేచి తిరిగాక మన వీధికి మంచి కాలక్షేపం దొరికింది. సాయంత్రమైతే అతను మా మేడ మీద, క్రిస్టీ మీ గుమ్మంలో. దగ్గరికి రాకూడదాయె, గుసగుసలాడే వీల్లేదాయె. ఏ మాటైనా వీధికి అడ్డంగా అరవాల్సిందే. అతను ఏదో అడుగుతాడు, ఈ పిల్లకి వినపడదు. "నీకు కాకరకాయ ఇష్టమేనా అంటున్నాడమ్మా" అని వరప్రసాదరావుగారు అరుగు మీదనుంచి అందించేవారు. పంపెయ్యమన్న పెద్దమనిషే! ఈస్టరునాడు చర్చి లేకపోతే మీవాళ్లంతా ఎవరి గుమ్మంలో వాళ్లు నిలబడి పాడారు. స్టీవెన్ మేడ మీదనుంచి గొంతు కలిపాడు. గొంతు బాగుంటుంది. రాగం మాత్రం అతను ఒకవైపు, మీ పక్కింటి జీవరత్నమ్మ ఒకవైపు.

ఆ వారమే క్రిస్టీకి పిలుపొచ్చింది. నందిగామ దగ్గర క్వారంటైన్ సెంటరులో నర్సులు కావాలని. తర్వాత జరిగిన ఫోను సంగతి నీకు తెలుసు, అటువైపు వియ్యపురాలి పక్కన కూర్చుని నువ్వూ విన్నావు. కరోనా డ్యూటీ చేసే పిల్ల మాకొద్దని ఆవిడ అంది. మానెయ్యమ్మా అని నువ్వూ ఏడ్చావు. వాళ్లింట్లో ఉండి, వాళ్లన్నం తింటూ ఇంకోలా ఎలా అంటావులే. నాకేం కోపం లేదు. ఇటువైపు ఏం జరిగిందో మాత్రం నీకు తెలియాలి.

ఆ పిల్ల ఫోను పెట్టేసింది. ఆ తర్వాత బ్యాగు సర్దుకోవడం మొదలుపెట్టింది. "పెద్దమ్మా, చదువుకునేటప్పుడు దీపం పట్టుకుని ప్రమాణం చేసా. అప్పుడు రోగాన్నిబట్టి వెళ్తానని చెప్పలేదు" అంది. స్టీవెన్ మా మేడ మీద నిలబడి వాళ్లమ్మకి మళ్లీ ఫోను చేశాడు. మెల్లగా మాట్లాడటం ఎప్పుడో మరిచిపోయాడు కదా, వీధంతా విన్నాం. "నాకు జరమొస్తే ఎవ్వరు దగ్గరికి రాలే అమ్మా. ఆమెనే వచ్చింది. ఇప్పుడు ఇంకొకళ్ల దగ్గరికి పోతనంటే వద్దని నేనెట్లంట?" అన్నాడు. అవతల ఆవిడ ఏమందో గాని, "పెళ్లి ఆగితే ఆగనీ, ఆమె పని ఆగొద్దు" అని పెట్టేశాడు. జయమణీ, ఆ మాటతో నా మనసులో ఆ సంబంధం ఖాయమైపోయింది.

ఇక చిక్కు ఏమిటంటే, డ్యూటీ వారాలు అయ్యి వచ్చాక అందరికీ దూరంగా పిల్ల ఉండేదెక్కడ? మీ ఇంట్లో ఉంటే అటు జీవరత్నమ్మ గోడా, ఇటు ఇంకొకరి గోడా కలిసిపోయాయి. మా మేడ గదికైతే బయటి మెట్లున్నాయి, వేరే బాత్‌రూము ఉంది. నేను ఆ మాట అనగానే మీ బావగారు, "వీధంతా మనల్ని ఏవంటుందే?" అన్నారు. "ఏవన్నా ముందు నన్ను అనమనండి, తర్వాత మీ దగ్గరికి వస్తారు" అన్నాను. ఎవరి గేటు దగ్గర వాళ్లు నిలబడి పెద్ద వాదనే జరిగింది. చివరికి జీవరత్నమ్మ, "రేపు మనలో ఎవరికన్నా వస్తే చూసేది ఎవరు? ఈ పిల్లేగా" అంది. దాంతో గొంతులు తగ్గాయి.

గది క్రిస్టీకి ఇచ్చి, స్టీవెన్‌ని మీ ఇంటికి పంపాను. పెళ్లికి ముందే అల్లుడు అత్తారింట్లో కాపురం పెట్టాడు, అదీ ఒక్కడే! "వంట నేను చేస్త పెద్దమ్మా, జర చెప్పుండ్రి" అన్నాడు. నేను మా గోడ మీదనుంచి చెబుతూ ఉంటే అతను మీ వంటింట్లో చేసేవాడు. మొదటి రోజు పప్పు మాడింది. మీ సత్తు గిన్నె ఒకటి పోయిందనుకో. ఇప్పుడు గోంగూర పప్పు నాకంటే బాగా చేస్తున్నాడు. పోపులో కారం కాస్త ఎక్కువ, అంతే. క్రిస్టీ డ్యూటీనుంచి వచ్చిన వారాల్లో కంచం తీసుకెళ్లి పై మెట్టుదాకా ఎక్కి పెడతాడు. మూడో మెట్టు మీద కాదు.

క్రిస్టీ ఇప్పుడు మేడ మీదే ఉంది. నిన్న దోసకాయ పచ్చడితో రెండుసార్లు మారన్నం వేయించుకుంది. మీ పూలకుండీలకి వరప్రసాదరావుగారు పైపుతో దూరంనుంచే నీళ్లు కొడుతున్నారు. నువ్వు బెంగపెట్టుకోకు. పాసు దొరకగానే బయలుదేరిరా.

ఈ పేజీ వరకు మీ వియ్యపురాలు అడిగితే చూపించు, నాకేం భయం లేదు. వెనక పేజీ మాత్రం ముందు నువ్వొక్కదానివే చదువుకో.

ఇట్లు,
నీ పిల్లని తన పిల్లనుకునే
భారతీదేవి

తా.క. కూర్చుని చదువు. ఈ నెల మొదట్లో క్రిస్టీ ఫోను కలవనప్పుడు, డబుల్ డ్యూటీ, లోపలికి ఫోను తీసుకెళ్లనివ్వరు అని నీకు చెప్పాం. అది అబద్ధం. క్రిస్టీకే కరోనా వచ్చింది. విజయవాడ ఆసుపత్రిలో ఉండొచ్చింది. నీకు తెలిస్తే చెక్‌పోస్టుదాకా నడిచొచ్చేస్తావు, వాళ్లు దాటనివ్వరు, రోడ్డు మీద కూలబడతావు. అందుకే ఎవరూ నోరెత్తొద్దని నేనే చెప్పాను. వీధంతా మాట నిలబెట్టుకుంది. తిట్టదలిస్తే నన్ను తిట్టు.

అంబులెన్సు వచ్చినప్పుడు ఒక్క కిటికీ మూయలేదు జయమణీ. అందరూ గేట్ల దగ్గరికి వచ్చి నిలబడ్డారు. మీ బావగారైతే రోడ్డు మధ్యదాకా వెళ్లి, "అమ్మాయ్, గదికి తాళం వెయ్యటల్లేదు. తొందరగా వచ్చెయ్" అన్నారు. అధికారులొచ్చి వీధికి రెండువైపులా వెదురుబొంగులు కట్టి మమ్మల్నందర్నీ లోపల పెట్టారు. ఆ పిల్ల వల్లే అని ఒక్కరూ అనలేదు. స్టీవెన్ రోజూ ఆసుపత్రికి ఫోను చేసి, ఆ కబురు గుమ్మంలో నిలబడి వీధందరికీ గట్టిగా చెప్పేవాడు. చెప్పి లోపలికి వెళ్లి తలుపు వేసుకునేవాడు. ఒక్కోరోజు పొయ్యి వెలిగించేవాడు కాదు. జీవరత్నమ్మ అన్నం పెట్టేది.

మొన్న శుక్రవారం నయమై వచ్చేసింది. చిక్కింది, అంతే. సాయంత్రం మెట్ల మీద కూర్చుని ఆయాసపడుతూనే మీ ఇంటివైపు చూసి అరిచింది. "మళ్లీ పిలిస్తే మళ్లీ వెళ్తా. నీ సంగతేంటి?" అని. అరుగు మీదనుంచి వరప్రసాదరావుగారు అందించబోతే చెయ్యెత్తి ఆపాను. స్టీవెన్ గరిటె పట్టుకునే మీ వంటింటి కిటికీ దగ్గరికొచ్చాడు. "పో. వంట నేర్చుకున్న గద" అన్నాడు.

వీధంతా విన్నాం. వాళ్లమ్మకి నువ్వు చెప్పు, పక్కనే ఉన్నావుగా.