అరచేతి వేడి

బందరు, మంగళవారం రాత్రి

ఇవాళ క్లాసులో రెండు చలి ఈగల గురించి చెప్పాను. హిమాలయాల్లో మంచు మీద తిరిగే ఈగ మన అరచేతి వేడికే చచ్చిపోతుంది. అంటార్కిటికా ఈగ పురుగు దశలో గడ్డకట్టుకుపోయినా, మంచు కరిగాక మళ్లీ కదులుతుంది. "రెండూ చలికి అలవాటు పడిపోయాయి" అన్నాను హుషారుగా.

ఇంటికొస్తే నాన్న అరచేతి నిండా బొబ్బలు. గిలకలదిండి చేపల రేవులో బతుకంతా ఐసు దిమ్మలు మోసిన చెయ్యి. పొయ్యి మీది గిన్నెను ఉత్త చేత్తో దించాడట.

"వెంటనే వదిలెయ్యకపోయావా నాన్నా?"

"కాలుతున్నట్టు తెలీలేదమ్మా."

అమ్మ ఆ చేతికి మందు రాస్తోంది.

చిన్నప్పుడు ఆ చల్లటి చేతులు బుగ్గలకు తగిలితే కేరింతలు కొట్టేదాన్ని. నీకు చలెయ్యదా అని అడిగితే, "అలవాటైపోయిందమ్మా" అనేవాడు.

నమ్మేశాను.