కాలిన మట్టి రుచి

…ఆ సీసా దగ్గరే కదా నిన్న ఆపేశాను. ఉండు అక్కా, ముందు అడగాల్సినవి అడగనీ. నాన్న దగ్గు తగ్గిందా? అమ్మ రాత్రిళ్ళు కాస్త నిద్రపోతోందా? నువ్వెలా ఉన్నావు? నేను బాగానే ఉన్నాను. నిజంగా బాగానే ఉన్నాను, అమ్మకి అలాగే చెప్పు. ఖరగ్‌పూర్‌లో ఇంకా దుప్పటి కప్పుకుంటున్నారా? ఇక్కడ ఒంగోలు పక్కన అప్పుడే వడగాలి. కూరలో కారానికి కళ్ళమ్మట నీళ్ళు, కానీ అలవాటవుతోంది. మాట్లాడ్డానికే ఎవరూ లేరు. మన రైల్వే కాలనీ యాస వింటే ఇక్కడి ఆడపిల్లలు "రైలు తెలుగు" అని నవ్వుతారు.

సరే, సీసా. పొగాకు కొనే కంపెనీ దొర మామయ్యకి స్కాచ్ విస్కీ పంపాడని రాశాగా. ఇక్కడ మద్యనిషేధం కదా, దొరలకి పర్మిట్ ఉంటుందిట, మన దగ్గర దొరికితే జైలే. అత్తయ్య గబగబా తలుపులన్నీ వేసేసింది. "కాన్వెంటులో చదివావుగా, దీని మీద ఏముందో చదువు" అన్నాడు మామయ్య. స్కాట్లండ్, మాల్ట్, పీట్ అని ఉంది. పీట్ అంటే ఏంటో నాకు తెలీలేదు. మామయ్య ఒక గుక్క నోట్లో పోసుకుని అక్కడే తుపుక్కున ఊసేశాడు.

"గొట్టం చిల్లుపడ్డ బ్యారన్‌లో ఆకులా ఉందే ఇది!"

నీకు తెలీదుగా, బ్యారన్ అంటే పొగాకు మగ్గబెట్టే పొడుగాటి గది. కొలిమి పొగ ఇనప గొట్టాల్లోంచి బయటికి పోవాలి, ఆకుకి వేడి ఒక్కటే తగలాలి. గొట్టానికి చిల్లు పడిందా, ఆకంతా పొగ కంపు, ఇంకెవరూ కొనరు. పోయినేడు మామయ్య ఆకుని వాసన చూసి పక్కన పడేయించింది ఈ దొరే.

"చూశావా! నా ఆకు పొగ కంపన్నాడు, ఇప్పుడు పొగ కంపు సరుకు పంపించి ఎక్కిరిస్తున్నాడు!"

"దొరకి మీతో పరాచికాలేంటండీ?" అంది అత్తయ్య.

"నీకేం తెలుసే! రేపు సాయంత్రం వస్తాడుగా. సీసా వాడి చేతిలో పెట్టి, నీకు నా ఆకు అమ్మను పొమ్మంటా."

"మిగతా కంపెనీలన్నీ కొనేసి వెళ్ళిపోయాయి. ఏడాది పంట ఏం చేస్తారు, మీరే చుట్టలు చుట్టుకుని కాలుస్తారా?"

అత్తయ్య హాస్యానికే అంది గానీ నవ్వలేదు. సీసాని వడ్ల గాదెలో దాచమని నాకిచ్చారు.

అక్కా, ఇది నాన్నకి చెప్పనని ఒట్టెయ్. ఈ పొద్దున అత్తయ్య దొడ్లో ఉండగా గాదెలోకి దిగి నేను తాగాను. అత్తయ్య పాపాయి ఉగ్గుగిన్నెలో కొంచెమే. ముందు కొలిమి తలుపు తీసినట్టు మొహమ్మీద పొగ. తర్వాత దెబ్బ మీద రాసే టించరు వాసన. ఊసేద్దామనుకున్నా, భయంతో గుటుక్కున మింగేశా. అప్పుడు మొదలైంది అక్కా! నాలిక మీద చీరాల సముద్రపు గాలంత ఉప్పు, దాని కిందనించి మాడిన బెల్లప్పాకం తీపి మెల్లగా పైకొచ్చింది. వెళ్ళిపోయిందనుకున్న పొగ మళ్ళీ ముక్కులోంచి వచ్చింది, ఈసారి ఎంత మెత్తగానో. వడ్లమీద అలాగే కూర్చుండిపోయాను. డిక్షనరీ తీస్తే, పీట్ అంటే చిత్తడినేలలోంచి కోసి ఎండబెట్టి కాల్చే మట్టిట. మట్టి కాలుతుందా అక్కా? ఎక్కడో వానల దేశంలో ఎవరో మట్టి కాల్చి, ఆ పొగని నీళ్ళలాంటి దాంట్లో ఏళ్ళ తరబడి దాచారు. అది మా గాదెలోకొచ్చి నా నోట్లో మళ్ళీ పొగైంది.

అన్నాల దగ్గర ధైర్యం చేసి, "మామయ్యా, వాళ్ళు కావాలనే పొగ పెడతారేమో" అన్నాను.

"నీకెలా తెలుసు?"

"డిక్షనరీలో…"

"డిక్షనరీకి నాలికుందా? రుచి చూసినోడు చెప్పాలి అది మంచిదో చెడ్డదో."

తల దించుకుని మజ్జిగ కలుపుకున్నాను. మామయ్య తీపి వచ్చేలోపే ఊసేశాడు. ఈ ఇంట్లో మింగింది నేనొక్కదాన్నే. చెబితే "మీ అమ్మాయి తాగుతోంది" అని నాన్నకి ఉత్తరం రాస్తాడు, ఆ దగ్గుతో నాన్న అది చదవాలి. చెప్పకపోతే ఆకంతా కొట్టంలో బూజు పడుతుంది.

తలుపు కొడుతున్నారు. అత్తయ్య.

"ఏమే అమ్మాయ్, కారు చప్పుడు వినబళ్ళేదా? సీసా పట్రమ్మంటున్నాడు మీ మామయ్య. ఇప్పుడు వద్దన్నా వినేట్టు లేడు."

వస్తున్నానన్నాను. అమ్మకీ నాన్నకీ నా నమస్కారాలు, నన్ను దీవించమను, ఎందుకో మాత్రం చెప్పకు. పక్కింటి మామ్మగారిని అడిగానని చెప్పు. కాగితాలు దిండు గలీబులోకి తోసేస్తున్నా. దొర మెట్లెక్కేలోపు మామయ్యకి చెప్పేస్తా, మింగి కాసేపు ఆగమని. నీకెలా తెలుసే అంటే, నేను ఆగాను మామయ్యా అంటా.