ఎవరో తెలియక నొక్కారట

మంగళవారం, రాత్రి

నేను కంప్యూటర్లు చూసుకునే జిగణి ఫ్యాక్టరీలో గుమస్తా మునియప్ప గారి కంప్యూటర్ నెమ్మదిగా ఉందని, దాంట్లో వెనకాల నడుస్తూ అక్కర్లేదనిపించిన సర్వీసులన్నీ నిన్న సాయంత్రం ఆపేశాను. వాటిలో ప్రింటర్‌కి పని పంపే ప్రింట్ స్పూలర్ కూడా ఉంది. నేను ప్రింట్ తీసి ఏళ్ళయింది. ఇదెవరికి కావాలిలే అనుకున్నాను.

ఈరోజు గేట్ పాసులు ప్రింట్ కాక రెండు లారీలు ఆగిపోయాయి.

"నేనేమీ ముట్టలేదప్పా, నిన్న బాగానే ఉండె," అన్నారు మునియప్ప గారు.

ఆ సర్వీసు మళ్ళీ ఆన్ చేశాను. ఏమైందని మేనేజర్ అడిగితే, "ఎవరో తెలియక ఏదో నొక్కారు సార్" అన్నాను. ఛీ. మేనేజర్ మునియప్ప గారి వైపే చూశాడు. ఆయన తల దించుకున్నారు.

తర్వాత ఆయనే నాకు కాఫీ తెచ్చారు. "నువ్వు లేకుంటే నా పని అయిపోయేదప్పా" అన్నారు. చక్కెర సరిపోయిందా అని కూడా అడిగారు.

సరిపోయిందన్నాను.