అబ్బా మెరిపించిన తూటా ఖోకాలు

రైఫిల్ క్యాంపులో ఉన్న బిడ్డ అర్షియాకు మీ అమ్మీ సలాములు, దీవెనలు.

ఇక్కడ సిద్దిపేటలో అల్లా దయ వల్ల అందరం తిని తిరుగుతున్నాం. ఫోన్లు లాగేసుకున్నారని నీకు కోపం గానీ, నాకు ఉత్తరమే బాగుంది. ఫోన్లో అయితే నా మాట సగంలో ఉండగానే "సరే అమ్మీ" అని పెట్టేస్తావు.

చెల్లె రిదాకు దగ్గు తగ్గిందా అని అడిగావు. దగ్గు తగ్గింది, నోరు తగ్గలేదు. రైఫిల్ క్లబ్బులో నా పని ఎట్లుందన్నావు. నా పనికేం, దర్జాగా ఉంది. మీరంతా కాల్చి పడేసిన తూటాల ఇత్తడి ఖోకాలు, ఆ ఖాళీ డొల్లలు ఏరి, కడిగి, ఆరబెట్టి, ఏ కంపెనీవి ఆ కంపెనీకి వేరు చేస్తాను. గుప్పెట్లో వేసి గలగలాడిస్తే పగిలినది బొంగురుగా పలుకుతుంది, దాన్ని తీసేస్తాను. మిగిలిన వాటిలో హరీశ్ సార్ మళ్లీ మందు నింపుతాడు. మొన్న ఆయన, "తాహెరక్కా, నువ్వు సూసినంక నేను సూసుడు బంద్ చేసిన" అన్నాడు. అయినా చూడమనే చెప్పాను.

ఇక నీ డబ్బా సంగతి. పోటీకని విడిగా దాచుకున్న నీ ఖోకాలు భద్రమేనా అని పోయిన ఉత్తరంలోనూ అడిగావు, ఇప్పుడూ అడిగావు. ఇన్నాళ్లూ దాటవేస్తూ వచ్చాను, ఇప్పుడు చెబుతాను. కూర్చుని చదువు.

పోయిన నెల ఆ డబ్బాను కడగడానికని ఇంటికి తెచ్చాను. మీ అబ్బా చూశాడు. ఊళ్లో సగం ఇత్తడి గిన్నెలకు కలాయి పూసిన చేయి, ఊరుకుంటుందా? నేను బజారుకు పోయి వచ్చేసరికి అన్నింటినీ కొలిమిలో ఎర్రగా కాల్చి, చింతపండుతో తోమి, వరసగా పేర్చి పెట్టాడు.

"సూడు తాహెరా, బిడ్డ పతకం కంటె ముందు గివే మెరుస్తున్నయ్. నా దిక్కెల్లి బహుమానం అని చెప్పు" అన్నాడు. నిన్ను క్యాంపుకు పంపిన రోజు కూడా అంత సంతోషంగా లేడు.

గిన్నె కాలితే ఏం కాదు. ఖోకా అడుగు కాలితే మెత్తబడుతుంది. పేల్చినప్పుడు అది చిట్లితే నిప్పు వెనక్కి, కాల్చేవాళ్ల ముఖం మీదికే వస్తుందని హరీశ్ సార్ మొదటి రోజే చెప్పాడు. ఒకదాని అడుగును పట్టకారుతో నొక్కి చూశాను. సొట్టపడింది.

మీ అబ్బాకు ఏమీ చెప్పలేదు. మర్నాడు క్లబ్బుకు తీసుకుపోయి, సార్‌కు చూపించి, అన్నింటినీ సుత్తితో చితక్కొట్టాను. ఒక్కటీ మిగల్చలేదు. నీకు వేరేవి ఏరి పెట్టాను, నీవాటంత ఒక్కతీరుగా లేవు. గురి కొంచెం అటూఇటూ కావచ్చు, పతకం చేజారనూ వచ్చు. కోపమొస్తే నన్ను తిట్టు, పడతాను.

మీ అబ్బా మాత్రం "బిడ్డ నా ఖోకాలతోనే కాలుస్తది" అని దుకాణానికి వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పుకుంటున్నాడు. ఇన్నాళ్లూ వింటూ ఊరుకున్నాను. ఇక నావల్ల కాదు. ఈ ఉత్తరం పోస్టులో వేసి వచ్చి చెప్పేస్తాను. ఆయన కలాయి వేసిన గిన్నె ఇంతవరకు ఒక్కటీ వాపసు రాలేదు, చాలా నొచ్చుకుంటాడు. రెండు పూటలు అన్నం ముట్టడు. బతిమాలి తినిపిస్తాను, అది నాకు చేతనవును. నీ కన్నుకేమైనా అయితే నేను ఎవరిని బతిమాలాలి బిడ్డా.

ఇట్లు,
నీ అమ్మీ
తాహెరా