నాలుగు డిగ్రీల శపథం

జూన్ 3, సోమవారం. ఉదయం 7:10
శపథం పట్టాను! మా ఆవిడకి ఐదో నెల. మొన్న ఆస్పత్రిలో నర్సు చెప్పిన మాట చెవిలోంచి పోవడం లేదు. ఒక రకం బాక్టీరియా ఉందట. ఫ్రిజ్‌లో పెట్టినా చావదట, నెమ్మదిగా పెరుగుతూనే ఉంటుందట. వాసన రాదు, రంగు మారదు. తల్లికి కాస్త జ్వరంతో పోవచ్చు, ప్రమాదమంతా కడుపులో బిడ్డకే అంది.

కాబట్టి కాన్పయ్యేదాకా:
ఫ్రిజ్ నాలుగు డిగ్రీలు దాటకూడదు.
వండింది రెండు రోజులు దాటకూడదు.
ప్రతి డబ్బాకీ చీటీ.
పద్దెనిమిది లిఫ్టులు చూసుకునే మెకానిక్కుని, ఒక్క ఫ్రిజ్ నాకో లెక్కా?

సాయంత్రం 6:30
కొత్త థర్మామీటర్ లోపల పెట్టాను. తొమ్మిది! చల్లదనం పెంచే మీట తిప్పాను. ఈవిడ కోసం నా చేత్తో కోడిమాంసం వేయించాను. డబ్బాడు మిగిలింది. చీటీ అంటించాను: సోమవారం. అక్షరాలు ముత్యాలే!

జూన్ 4, మంగళవారం. సెలవు పెట్టాను
8:00 – అయిదు.
8:20 – ఆరు.
8:40 – ఏడు!!
9:00 – ఎనిమిది. చెమటలు పట్టేశాయి. ఫ్రిజ్ పోయిందని ఇల్లు పీకి పందిరేశాను. అత్తగారు వచ్చి, అన్నిసార్లు తలుపు తీస్తే చల్లదనం ఎక్కడ నిలుస్తుంది బాబూ అన్నారు. గంటన్నర నన్ను కుర్చీలోంచి లేవనివ్వలేదు.
10:35 – నాలుగు. తల ఎత్తుకోలేకపోయాను.

జూన్ 5, బుధవారం
మీట చివరికంటా తిప్పేశాను. పాలు గడ్డకట్టాయి. గుడ్లు పగిలాయి. టమాటాలు రాళ్లయ్యాయి. పీడ విరగడైందని ఈల కూడా వేశాను. ఈవిడ నర్సుకి ఫోన్ చేసి కనుక్కుంది. గడ్డకట్టించినా ఆ క్రిములు చావవట, పెరగడం మానేసి పడుకుంటాయట, అంతే. ఈల ఆపి మీట వెనక్కి తిప్పాను.

జూన్ 6, గురువారం
కోడి డబ్బా గడువు నిన్నటితో సరి. చెత్తబుట్ట దాకా వెళ్లాను, రెండుసార్లు. చేతులు రాలేదు. నేను స్వయంగా వేయించింది! అయినా నిన్నంతా గడ్డకట్టి ఉంది కదా, ఆ రోజు లెక్కలోకి రాదు. పాత చీటీ పీకి కొత్తది అంటించాను: గురువారం. రేపు నేనే తినేస్తా.

జూన్ 7, శుక్రవారం
తినలేదు. పనిలో ఎవరిదో పుట్టినరోజు, కేకుతో కడుపు నిండింది. చీటీ: శుక్రవారం. ఇదే ఆఖరు.

జూన్ 8, శనివారం. మధ్యాహ్నం
1:40 – డబ్బా ఖాళీగా సింకులో ఉంది.
1:41 – అత్తగారు ముట్టలేదట.
1:42 – ఈవిడ తింది. చీటీ చూసే తిందట.

వంటింట్లో నేల మీదే కూలబడి చీటీల సంగతంతా చెప్పేశాను. ఈవిడ సింకులోంచి డబ్బా తీసి చీటీ మళ్లీ చదివింది. నాకు జన్మలో అంత భయం వేయలేదు. తర్వాత చెప్పింది, పెనం మీద పొగలు కక్కేదాకా వేడి చేసే తిన్నానని. బాగా వేడి చేస్తే అవి చస్తాయని నర్సు చెప్పిందట. ఆ ముక్క చెప్పేసరికి నేను థర్మామీటర్ కొనడానికి పరిగెత్తానట!

నర్సుకి ఫోన్ చేశాం. మంచి పని చేశారు, కొన్నాళ్లు కనిపెట్టుకుని ఉండండి, జ్వరం వస్తే వెంటనే రండి అంది. ఏడుస్తూనే నవ్వాను. ఈవిడ నవ్వలేదు.

"మీరు రాశారు కాబట్టి నమ్మానండీ," అంది.

జూన్ 9, ఆదివారం
జ్వరం లేదు. ఇరవై నిమిషాలకోసారి నుదురు పట్టి చూశాను. నేనేమన్నా ఫ్రిజ్‌నా అని చెయ్యి తోసేసింది. హమ్మయ్య, తిడుతోంది!

జూన్ 10, సోమవారం. రాత్రి 8:15
మళ్లీ శపథం! ఈసారి అసలు మిగలనిచ్చేదే లేదు. ముగ్గురికీ కొలిచి మరీ వండాను. గిన్నె ఖాళీ. ఫ్రిజ్ ఖాళీ. నాలుగు డిగ్రీలు! దిగ్విజయం!

8:25 – ఈవిడ కడుపు మీద చెయ్యేసుకుని నా కంచం వైపే చూస్తోంది.

"ముగ్గురికే వండారేంటండీ?"

కంచం అటు జరిపాను.